రీజోనింగ్ లెటర్ వస్తే ముందు చూడాల్సింది: ఆ స్థలంలో ఇప్పుడే ఏం కట్టుకోవచ్చు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. డల్లాస్‌కి ఉత్తరాన ఒక సిటీలో మీకు సొంత ఇల్లు ఉంది. వెనక ఫెన్స్‌ని ఆనుకుని 12 ఎకరాల ఖాళీ స్థలం, రిటైల్ జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టుకోవచ్చో సిటీ పెట్టే రూల్స్‌ని జోనింగ్ అంటారు, ఇక్కడ దుకాణాలకి అనుమతి ఉందన్నమాట). దాన్ని ‘ప్లాన్డ్ డెవలప్‌మెంట్’గా మార్చి టౌన్‌హోమ్స్, మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు కలిపి 230 యూనిట్లు కడతామని ఒక డెవలపర్ అప్లికేషన్ పెట్టాడు. సిటీ నుంచి లెటర్ వచ్చింది, వచ్చే వారం ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్ ముందు హియరింగ్. వాట్సాప్ గ్రూప్‌లో 300 మంది సంతకాలు పెట్టారు. దీన్ని ఆపగలమా, ఇంటి విలువ పడిపోతుందా, స్కూళ్లు కిక్కిరిసిపోతాయా, ఇంగ్లీషు రాని మా అమ్మ కూడా మాట్లాడొచ్చా అని అడిగారు. మీ సిటీ పేరు చెప్పలేదు కాబట్టి పెద్ద సిటీకి, చిన్న సిటీకి విడివిడిగా చెప్తాను.

సూటిగా చెప్పాలంటే: పూర్తిగా ఆపడం కష్టం. ఆపే దారి కనిపించినా, ఆపాక అక్కడ ఏం వస్తుందో తెలుసుకోకుండా ఆపొద్దు. కట్టేది ఎలా ఉండాలన్న దాంట్లో మాత్రం మీ మాట చాలా చెల్లుతుంది. ఎత్తు, దూరం, గోడ, నీళ్లు పోయే దారి, కార్లు తిరిగే దారి, వీటన్నిట్లోనూ మీకు కావాల్సింది రాబట్టుకోవచ్చు. అయితే దానికి అవకాశం ఈ దశలోనే ఉంది.

నేను సివిల్ ఇంజనీర్‌ని. మొదట్లో డెవలపర్ల తరఫున సైట్ ప్లాన్లు, డ్రైనేజీ లెక్కలు చేశాను. తర్వాత ఈ డల్లాస్ చుట్టుపక్కలే ఒక సిటీ కమిషన్‌లో సభ్యుడిగా కూర్చున్నాను. లాయర్‌ని కాను. చట్టం గురించి కింద చెప్పేదంతా టెక్సస్‌కే వర్తిస్తుంది. కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు ఇది చదివి హియరింగ్‌కి వెళ్లకండి, అక్కడి లెక్కలు వేరు.

కమిషన్‌లో ఉండేవాళ్లు మీలాంటి పౌరులే, కౌన్సిల్ నియమిస్తుంది. వాళ్లు చేసేది సిఫార్సు, నిర్ణయం సిటీ కౌన్సిల్‌ది. అలాగని ఈ హియరింగ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. కమిషన్ ‘వద్దు’ అన్నదాన్ని కౌన్సిల్ ఆమోదించాలంటే నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలని ఆర్డినెన్స్ (సిటీ స్థాయి చట్టం) చేసుకునే వీలు రాష్ట్ర చట్టం సిటీలకు ఇచ్చింది. మీ సిటీ అలా చేసుకుందో లేదో తెలుసుకోండి. లెటర్‌లో కేస్ ప్లానర్ (మీ కేసు చూసే సిటీ ఉద్యోగి) పేరు, ఫోన్ నంబర్ ఉంటాయి, ఆ నంబర్‌కి ఈ రోజే ఫోన్ చేయండి. మీరు వ్యతిరేకించడానికి ఫోన్ చేసినా సరే, వాళ్లు మర్యాదగానే మాట్లాడతారు, అడిగిన కాగితాలు పంపిస్తారు. అది వాళ్ల ఉద్యోగం.

ఇప్పటి జోనింగ్‌లోనే ఏది కట్టుకోవచ్చు?

కమిషన్‌లో కూర్చున్నప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఒకటుంది. వెనక ఉన్నది ఖాళీ స్థలం, అది ఖాళీగానే ఉండిపోతుంది అనుకుని జనం మాట్లాడేవారు. అలాంటి ఎంపిక అసలు కమిషన్ ముందు ఉండదు. ఆ స్థలానికి ఓనర్ ఉన్నాడు, జోనింగ్ ఉంది. ఇప్పుడున్న జోనింగ్‌లో అనుమతి ఉన్నవి ఏ హియరింగూ లేకుండా కట్టుకునే హక్కు ఆయనకి ఉంది. ‘పోల్చాల్సింది దేంతో?’ అన్న ప్రశ్నకి జవాబు అక్కడ దొరుకుతుంది.

పెద్ద సిటీ అయితే ఇది ఇంకా ముఖ్యం. టెక్సస్‌లో 2025లో ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 840 అనే చట్టం వచ్చింది, సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. 3,00,000 పైన జనాభా ఉన్న కౌంటీలో 1,50,000 పైన జనాభా ఉన్న సిటీ అయితే, ఆఫీస్, కమర్షియల్, రిటైల్, వేర్‌హౌస్ జోనింగ్ ఉన్న స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టడానికి రీజోనింగే అక్కర్లేదు. మీకు లెటర్ రాదు, హియరింగ్ జరగదు. ఎకరానికి కనీసం 36 యూనిట్ల దాకా, 45 అడుగుల ఎత్తు దాకా సిటీ ఒప్పుకోవాల్సిందే. యూనిట్‌కి ఒకటి మించి పార్కింగ్ అడగడానికి కూడా సిటీకి వీల్లేదు. పరిశ్రమలకి, విమానాశ్రయాలకి బాగా దగ్గరగా ఉన్న స్థలాలకి మినహాయింపులున్నాయి. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఇర్వింగ్ ఈ చట్టం కిందకి వస్తాయి. ఆలెన్, కొప్పెల్, ప్రాస్పర్ లాంటివి జనాభా తక్కువ కాబట్టి రావు.

ఇప్పుడు లెక్క వేయండి. 12 ఎకరాలని 36తో గుణిస్తే 432. మీ లెటర్‌లో ఉన్నది 230. రోడ్లకీ, వాన నీళ్లు పట్టే నీటి గుంటకీ కొంత స్థలం పోతుంది కాబట్టి పూర్తి 432 కట్టకపోవచ్చు. కానీ కట్టాలనుకున్నవాడిని అంకె విషయంలో సిటీ ఆపలేదు. మరి ఈ డెవలపర్ రీజోనింగ్‌కి ఎందుకు వచ్చినట్టు? విడి ప్లాట్ల మీద అమ్మే టౌన్‌హోమ్స్‌కి ఆ చట్టం వర్తించదు, బహుశా అందుకే వచ్చి ఉంటాడు. మీరు ఆయన్ని వెనక్కి పంపితే, స్థలం ఇంకొకరు కొని, 12 ఎకరాలూ అపార్ట్‌మెంట్లే కడితే మిమ్మల్ని ఎవరూ అడగరు. ఒక జాగ్రత్త: లెటర్‌లో ఇప్పటి జోనింగ్ మామూలు రిటైల్ కాకుండా పాత ‘ప్లాన్డ్ డెవలప్‌మెంట్’ అని ఉంటే ఎస్‌బీ 840 దానికి వర్తిస్తుందా లేదా అన్నది వాదించాల్సిన విషయం. సిటీ అటార్నీ ఏమంటున్నారో కేస్ ప్లానర్‌ని అడగండి.

చిన్న సిటీ అయితే ఎస్‌బీ 840 భయం లేదు, కానీ రిటైల్ అంటే ఏమిటో తెలుసుకోండి. మేం చూసిన ఒక కేసులో టౌన్‌హోమ్స్ వద్దని చుట్టుపక్కలవాళ్లు గట్టిగా పోరాడి గెలిచారు. కొన్నాళ్లకి అదే స్థలంలో ఉన్న జోనింగ్‌తోనే దుకాణాల సముదాయం వచ్చింది. ఇళ్ల వైపుకి వాటి వెనక భాగం, అంటే లోడింగ్ డాక్, చెత్త డబ్బాలు, కిచెన్ ఎగ్జాస్ట్ వచ్చాయి. తెల్లవారుజామున చెత్త లారీ రివర్స్ అయ్యే బీప్ బీప్ గురించి ఫిర్యాదు చేయడానికి ఆ గెలిచినవాళ్లే మళ్లీ వచ్చారు. అప్పటికి ఎవరం ఏమీ చేయలేకపోయాం, ఎందుకంటే అదంతా అనుమతి ఉన్న వాడకమే. మీ సిటీ వెబ్‌సైట్‌లో జోనింగ్ ఆర్డినెన్స్ ఉంటుంది. అందులో ‘యూజ్ టేబుల్’ తెరిచి రిటైల్ అన్న వరస మొత్తం చదవండి. ఒక గంట పని. మీ గ్రూప్‌లో ఒక్కరన్నా ఇది చేయాలి.

సిటీ ప్లాన్ ఏమంటోంది?

జోనింగ్ అనేది సమగ్ర ప్రణాళికకి అనుగుణంగా ఉండాలని టెక్సస్ చట్టం చెప్తుంది. ఆ ప్రణాళికలో ‘ఫ్యూచర్ లాండ్ యూజ్ మ్యాప్’ అని ఒక పటం ఉంటుంది. కమిషనర్ మొదట తెరిచేది దాన్నే. అందులో మీ వెనక స్థలం ‘మిక్స్‌డ్ యూజ్’ అనో ‘మీడియం డెన్సిటీ రెసిడెన్షియల్’ అనో ఉంటే డెవలపర్ సగం గెలిచినట్టే. ‘నైబర్‌హుడ్ రిటైల్’ అని ఉంటే మీ చేతిలో నిజమైన వాదన ఉంది. “ప్లాన్ మార్చకుండా జోనింగ్ ఎలా మారుస్తారు?” అని అడగొచ్చు. ఆ ప్రశ్నకి సిటీ స్టాఫ్ సమాధానం చెప్పాల్సి వస్తుంది.

ఆ పటానికి ఎంత బలం ఉందో ప్లేనోలో అందరూ చూశారు. 2015లో ఆ సిటీ ‘ప్లేనో టుమారో’ అనే ప్లాన్‌ని ఆమోదించింది. జనసాంద్రత పెరుగుతుందని కొందరు వ్యతిరేకించి, దాన్ని రద్దు చేయాలని లేదా ఓటింగ్‌కి పెట్టాలని 4,000 పైగా సంతకాలతో పిటిషన్ ఇచ్చారు. దాన్ని కౌన్సిల్ ముందు పెట్టకపోవడంతో వ్యవహారం కోర్టుకెక్కి ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 2020లో కౌన్సిల్ ఆ ప్లాన్‌ని రద్దు చేసి పాతదానికి వెళ్లింది. పౌరుల కమిటీతో కూర్చుని తయారు చేసిన కొత్త ప్లాన్ 2021లో వచ్చింది. దాంతో మీరు ఏకీభవించినా లేకపోయినా, వాళ్లు పట్టుకున్న చోటు మాత్రం సరైనది. ఒక్కొక్క స్థలం మీద కాకుండా పటం మీదే మాట్లాడారు. మన వాళ్లు మాత్రం పటం తయారయ్యే ఏడాదిలో ఒక్క మీటింగ్‌కీ రారు, లెటర్ వచ్చిన వారం 300 మంది వస్తారు. ఇది నిష్ఠూరంగా అనడం లేదు. కమిషన్‌లో ఉండగా ప్లాన్ మీటింగుల్లో ఖాళీ కుర్చీలు చూసి నిజంగా బాధపడ్డాను.

300 సంతకాలకి చట్టంలో విలువ ఎంత?

వాట్సాప్‌లోనో ఆన్‌లైన్‌లోనో చేసిన సంతకాలకి చట్టపరంగా విలువ లేదు. కౌన్సిల్ సభ్యులకి జనం మూడ్ తెలుస్తుంది, అంతే. చట్టం గుర్తించేది రాతపూర్వక ‘ప్రొటెస్ట్’ని. దాన్ని స్థలం ఓనర్లు సంతకం చేసి ఇవ్వాలి. అక్కడ మనుషులని లెక్కపెట్టరు, భూమి విస్తీర్ణాన్ని కొలుస్తారు. రీజోనింగ్ స్థలం అంచు నుంచి 200 అడుగుల లోపల ఉన్న భూమి మాత్రమే లెక్కలోకి వస్తుంది. మీకు లెటర్ వచ్చింది కూడా ఆ 200 అడుగుల లోపల ఉన్నందుకే.

పాత రూల్ ప్రకారం ఆ భూమిలో 20 శాతానికి ఓనర్లైనవాళ్లు ప్రొటెస్ట్ చేస్తే కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. మేయర్‌తో కలిపి ఏడుగురు ఓటు వేసే కౌన్సిల్ అయితే ఆరు ఓట్లు అన్నమాట. చాలా కేసులు అక్కడే ఆగేవి. 2025లో వచ్చిన హెచ్‌బీ (హౌస్ బిల్లు) 24 దీన్ని మార్చింది. ఇప్పుడున్న దానికంటే ఎక్కువ ఇళ్లకి వీలిచ్చే మార్పు అయితే (మీది అదే), చుట్టుపక్కల ఓనర్లు 60 శాతం భూమికి సంతకాలు పెట్టాలి. పెట్టినా కావాల్సింది మొత్తం సభ్యుల్లో మామూలు మెజారిటీయే, అంటే ఏడుగురిలో నాలుగు ఓట్లు. ఆ రోజు రాని సభ్యుడు కూడా లెక్కలో ఉంటాడు, అదొక్కటే తేడా.

60 శాతం అంటే ఎంతో చూద్దాం. 12 ఎకరాల చదరపు స్థలం అనుకుంటే ఒక్కో వైపు దాదాపు 720 అడుగులు. చుట్టూ 200 అడుగుల పట్టీ గీస్తే దాని విస్తీర్ణం 16 ఎకరాల పైచిలుకు. అందులో 60 శాతం అంటే దాదాపు 10 ఎకరాలు. మీ వైపు 60 అడుగుల వెడల్పు, 120 అడుగుల లోతు లాట్లు వరసగా 12 ఉంటే అవన్నీ కలిపి 2 ఎకరాలు. తర్వాత వీధి వస్తుంది, దాని అవతలి లాట్లలో ముందు భాగం ఒక ముక్క 200 అడుగుల లోపలికి వస్తుంది. అన్నీ కలిపినా రెండున్నర ఎకరాలు దాటదు. మీ వీధిలో ఒక్క ఇల్లూ వదలకుండా అందరూ సంతకం పెట్టినా పాత 20 శాతం కూడా రాదు! ఇక మిగతా వైపుల ఆరు లేన్ల రోడ్డు ఉంటే దాని విస్తీర్ణం కూడా మొత్తంలో కలుస్తుంది, సంతకం పెట్టడానికి మాత్రం అక్కడ ఓనర్ ఉండడు.

అయినా ప్రొటెస్ట్ ఇవ్వండి. రికార్డులో ఉంటుంది, కౌన్సిల్ ఆ పటం చూస్తుంది. ఇచ్చేటప్పుడు ట్యాక్స్ రికార్డులో ఉన్న పేరుతోనే సంతకం పెట్టండి. భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటే ఇద్దరూ పెట్టండి. ఇల్లు ఎల్‌ఎల్‌సీ లేదా ట్రస్ట్ పేరు మీద ఉంటే ఆ హోదాలో పెట్టాలి. మన వాళ్లలో చాలామందికి అద్దెకిచ్చిన ఇళ్లు ఉంటాయి, ఓనర్ ఇంకో రాష్ట్రంలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. లెటర్ ట్యాక్స్ రోల్‌లో ఉన్న అడ్రస్‌కే వెళ్తుంది, అద్దెకున్నవాళ్లకి రాదు. మీ వీధిలో అలాంటి ఇళ్లుంటే ఓనర్లకి మీరే చెప్పండి.

కమిషన్ చెవికెక్కేవి, ఎక్కనివి

“ట్రాఫిక్ పెరుగుతుంది” అన్నది అందరూ అనే మాట, అందరికంటే తొందరగా వీగిపోయే మాట కూడా ఇదే. డెవలపర్ ఇంజనీర్ లేచి, ఖాళీ స్థలంతో కాకుండా ఇప్పుడున్న రిటైల్ జోనింగ్‌తో పోల్చి చూపిస్తాడు. ఒక అపార్ట్‌మెంట్ యూనిట్‌కి రోజుకి 6, 7 ట్రిప్పులు, విడి ఇంటికి 9 పైన వేస్తారు. దుకాణాలకైతే ప్రతి వెయ్యి చదరపు అడుగులకీ పదుల్లో ఉంటాయి. కాబట్టి 12 ఎకరాల రిటైల్ కంటే 230 ఇళ్లకే ట్రాఫిక్ తక్కువని తేలుతుంది, అది నిజం కూడా. మీరు మాట్లాడాల్సింది ఎన్ని కార్లు అన్నదాని మీద కాదు, అవి ఎక్కణ్నుంచి బయటికి వస్తాయి అన్నదాని మీద. డ్రైవ్‌వే మీ సబ్‌డివిజన్ ఎంట్రన్స్‌కి ఎంత దూరం? కుడివైపు తిరిగే కార్లకి వేరే లేన్ ఉందా? మీ వీధి చివర గోడ తీసేసి లోపలి రోడ్డుకి కలుపుతున్నారా? కలిపితే మీ వీధి షార్ట్‌కట్ అయిపోతుంది. ఈ చివరి దాన్ని కాన్సెప్ట్ ప్లాన్‌లో (డెవలపర్ ఇచ్చిన తొలి నక్షాలో) చూసి తెలుసుకోండి, ఫైర్ ట్రక్కులకి మాత్రమే తెరుచుకునే గేట్ పెట్టమని అడగండి.

స్కూళ్ల సంగతి. ఐఎస్‌డీ (స్కూళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) వేరు, సిటీ వేరు. సీట్లు సరిపోతాయా లేదా అన్నది ఐఎస్‌డీ చూసుకునే విషయం. పైగా ఈ ప్రాంతంలో పాత సబ్‌డివిజన్లలో పిల్లలు తగ్గిపోతున్నారు. ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు స్కూళ్లు మూసేయాలని నిర్ణయించింది. మీ ఐఎస్‌డీ నుంచి ఆ స్కూల్‌లో చేరినవాళ్ల సంఖ్య, కెపాసిటీ తెచ్చుకుని నిజంగా నిండిపోయిందని చూపించగలిగితేనే ఆ మాట ఎత్తండి.

ఇంటి విలువ గురించి. “మా విలువ పడిపోతుంది” అని ఊరికే అంటే కమిషన్ పక్కన పెట్టేస్తుంది. పక్కన ఏం వస్తుంది, ఎంత బాగా కడతారు, మధ్యలో ఎంత దూరం ఉంది అన్నవాటి మీద విలువ ఆధారపడుతుంది. అవి మెరుగుపరుచుకుంటే విలువ కాపాడుకున్నట్టే.

డ్రైనేజీని మాత్రం ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం అదే. ఇక్కడి నేల మన కృష్ణా, గుంటూరు వైపు నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, ఇంటి ఫౌండేషన్‌ని పట్టి కుదుపుతుంది. ఆ 12 ఎకరాల నీళ్లు ఇప్పుడు ఎటు పోతున్నాయి, మట్టి పోసి ఎత్తు పెంచాక ఎటు పోతాయి, నీటి గుంట ఎక్కడ పెడుతున్నారు, దాని నిర్వహణ ఎవరిది అని అడగండి. గట్టి వాన పడినప్పుడు మీ ఫెన్స్ దగ్గర నీళ్లు నిలిచిన ఫొటోలుంటే తేదీలతో సహా ఇవ్వండి. ఇంజనీర్‌గా చెప్తున్నాను, అలాంటి ఫొటో చూశాక దాన్ని పట్టించుకోకుండా సంతకం పెట్టడానికి ఏ ఇంజనీరూ ఇష్టపడడు.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్పాలి. అక్కడ ఎవరు నివసిస్తారన్న దాని మీద ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. “అద్దెకుండేవాళ్లు వస్తారు, ఆ టైపు జనం వస్తారు, క్రైమ్ పెరుగుతుంది” లాంటివి. ఇళ్ల విషయంలో జాతి, మతం, పుట్టిన దేశం లాంటివి చూసి వివక్ష చూపకూడదని 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం చెప్తోంది. ఆ వాసన ఉన్న మాటలు రికార్డులోకెక్కితే, ఆ తర్వాత సిటీ తిరస్కరించినా డెవలపర్ కోర్టులో వాటినే చూపిస్తాడు. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనలో ఎంతమందిమి ఇర్వింగ్‌లో లాస్ కొలీనాస్, వ్యాలీ రాంచ్ అపార్ట్‌మెంట్లలో నలుగురైదుగురం కలిసి ఉంటూ మొదలుపెట్టాం? ఆ అపార్ట్‌మెంట్లు కూడా ఏదో ఒక కమిషన్ ఒప్పుకుంటేనే వచ్చాయి. 1926లో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్‌ని సమర్థించిన యూక్లిడ్ తీర్పులోనే, విడి ఇళ్ల మధ్య వచ్చే అపార్ట్‌మెంట్‌ని పరాన్నజీవితో పోల్చారు. ఆ చూపు ఇంకా పోలేదు. మన నోటితో దాన్ని మళ్లీ అనకూడదని నా గట్టి అభిప్రాయం.

రాబట్టుకోవాల్సింది: రాతలో ఉన్న షరతులు

‘ప్లాన్డ్ డెవలప్‌మెంట్’ అంటే ఆ స్థలానికి ప్రత్యేకంగా రాసే ఆర్డినెన్స్. అందులో రాసింది చట్టం. మీటింగ్‌లో డెవలపర్ నోటితో చెప్పింది, స్లైడ్ మీద రంగుల్లో చూపించింది అందులో లేకపోతే లేనట్టే. స్థలం రేపు ఇంకొకరికి అమ్మినా ఆర్డినెన్స్ దాంతోపాటే వెళ్తుంది, మాట ఇచ్చిన మనిషి వెళ్లడు కదా.

ఒక పెద్దావిడ కేసు చెప్తాను. మూడంతస్తుల భవనం వాళ్ల వెనక వస్తోంది. ఆవిడ వద్దని చెప్పడానికి రాలేదు. గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో ఒక బొమ్మ గీసుకుని వచ్చింది. ఒక చివర ఆవిడ వంటింటి కిటికీ, అక్కడి నుంచి ఫెన్స్‌కి 25 అడుగులు. ఫెన్స్ నుంచి భవనానికి 60 అడుగులు. స్థలంలో నాలుగడుగుల మట్టి పోస్తున్నారని గ్రేడింగ్ ప్లాన్‌లో (నేల ఎత్తుపల్లాలు చూపే ప్లాన్‌లో) చూసి, భవనాన్ని అంత ఎత్తున గీసింది. మూడో అంతస్తు బాల్కనీలో నిలబడ్డ మనిషి కంటి నుంచి వంటింటి కిటికీకి ఒక గీత. డెవలపర్ 8 అడుగుల గోడ కడతానని ఒప్పుకున్నాడు కదా, ఆ గోడ కూడా గీసింది. చూపు గీత గోడకి ఇంకా మూడడుగుల పైనుంచి వస్తోంది. “గోడ ఎత్తు పెంచినా నాకు ఉపయోగం లేదు. ఫెన్స్ నుంచి వంద అడుగుల దాకా రెండంతస్తులే ఉండనివ్వండి, బాల్కనీలు అటు వైపు పెట్టించండి” అంది. కమిషన్ చైర్ డెవలపర్ ఇంజనీర్ వైపు తిరిగి ఈ కొలతలు సరైనవేనా అని అడిగారు. అతను లెక్క చూసుకుని సరైనవేనన్నాడు. అక్కడికక్కడే ఆ రెండు షరతులతో సిఫార్సు అయింది, కౌన్సిల్‌లో ఆర్డినెన్స్‌లోకి ఎక్కింది. ఆ రాత్రి ఒకే రంగు టీషర్టులు వేసుకుని వచ్చిన వేరే కేసువాళ్లు చాలామంది ఉన్నారు. అందరూ ఒకే మాట మాట్లాడి వెళ్లారు, వాళ్ల కేసులో ఒక్క అక్షరం మారలేదు.

మీరూ అలాంటివే అడగండి: ఇళ్ల పక్క వరసలో టౌన్‌హోమ్స్, అపార్ట్‌మెంట్లు రోడ్డు వైపు, చెత్త డబ్బాలు ఫెన్స్‌కి దూరంగా, లైట్ స్తంభాల ఎత్తు తక్కువగా, వెలుతురు ఇటు పడకుండా, తాపీ గోడ, దాని వెంబడి ఏడాది పొడవునా ఆకు ఉండే చెట్లు. ఆ చెట్లు, గోడ ఎప్పటికి పూర్తవ్వాలో కూడా రాయించండి. “మొదటి ఇంటికి ఆక్యుపెన్సీ (జనం దిగడానికి సిటీ అనుమతి) ఇచ్చేలోపు” అని లేకపోతే చివరికి వాయిదా పడుతూ పోతాయి. హియరింగ్ లోపు డెవలపర్‌తో ఒక మీటింగ్ అడగండి. చాలామంది వస్తారు, ఎందుకంటే వాళ్లకీ కౌన్సిల్ ముందు గొడవ లేకుండా వెళ్లాలని ఉంటుంది.

హియరింగ్ రోజు

స్టాఫ్ రిపోర్ట్ అజెండాతో పాటు ఆన్‌లైన్‌లో పెడతారు. అజెండా కనీసం మూడు పని దినాల ముందు బయటికి రావాలి. రిపోర్ట్ మొత్తం చదివాకే ఏం మాట్లాడాలో రాసుకోండి. మనిషికి సాధారణంగా మూడు నిమిషాలు ఇస్తారు. ఐదుగురు మాట్లాడితే చాలు, ఒకరు ప్లాన్ పటం, ఒకరు నీళ్లు, ఒకరు డ్రైవ్‌వే, ఒకరు ఎత్తు, చివరివాళ్లు షరతుల జాబితా. మిగతావాళ్లు కార్డు నింపి “మాట్లాడను, ఈ ఐదుగురితో ఏకీభవిస్తున్నాను” అని రాస్తే సరిపోతుంది. “వ్యతిరేకిస్తున్నాం” అని ముగించే బదులు “ఈ షరతులు లేకుండా అయితే వ్యతిరేకిస్తున్నాం” అని ముగించండి. కమిషనర్‌కి ఓటు వేయడానికి ఒక దారి చూపించినట్టవుతుంది.

మీ అమ్మగారు తప్పకుండా మాట్లాడొచ్చు. ఓనర్ అయి ఉండక్కర్లేదు, ఇంగ్లీషు రానక్కర్లేదు. అనువాదకుడి ద్వారా మాట్లాడేవాళ్లకి మామూలు సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టంలోనే (సిటీ సభలు ప్రజల ముందే జరగాలన్న చట్టం) ఉంది, అప్పటికప్పుడు అనువదించి వినిపించే పరికరాలు ఉంటే తప్ప. ముందురోజు సిటీ సెక్రటరీ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పండి. పగలంతా ఇంట్లో ఉండేది, పెరట్లో కరివేపాకు మొక్కకి నీళ్లు పోసేది, వాన పడితే నీళ్లు ఎటు నుంచి వస్తాయో చూసేది ఆవిడే కదా. రెండు వాక్యాలకి ఆగుతూ తెలుగులో చెప్పమనండి, మీరు అనువదించండి.

కౌన్సిల్ సభ్యులకి, కమిషనర్లకి ఈమెయిల్ పంపొచ్చు, తప్పేమీ లేదు. ఒక్కొక్కరికీ విడిగా పంపండి. అందరినీ ఒకే ఈమెయిల్‌లో పెట్టి వాళ్లలో వాళ్లు జవాబులు రాసుకునేలా చేస్తే వాళ్లని ఓపెన్ మీటింగ్స్ చట్టంతో చిక్కులో పెట్టినట్టవుతుంది. తెలిసినవాళ్ల ద్వారా పని చేయించుకునే మన ఊరి అలవాటుని ఇక్కడికి తేవద్దు. మీరు రాసిన ప్రతి అక్షరం పబ్లిక్ రికార్డు.

ఇంకా కొన్ని ఆచరణ విషయాలు. హియరింగ్‌ని ఫలానా తేదీకి వాయిదా వేస్తున్నామని అక్కడ ప్రకటిస్తే మళ్లీ కొత్త లెటర్ రాకపోవచ్చు, కాబట్టి ఎవరో ఒకరు చివరిదాకా కూర్చుని తేదీ రాసుకోండి. డెవలపర్లు వాయిదా అడగడం మామూలే, రెండోసారికి జనం సగానికి తగ్గుతారని వాళ్లకి తెలుసు. మీ హెచ్‌ఓఏ (ఇళ్ల ఓనర్ల సంఘం) నిబంధనలు మీ సబ్‌డివిజన్ దాటి పనిచేయవు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. జోనింగ్ అయ్యాక ప్లాట్ (plat, అంటే స్థలాన్ని లాట్లుగా, రోడ్లుగా విడగొట్టే పటం) కమిషన్ ముందుకి వస్తుంది. రూల్స్ అన్నీ పాటించిన ప్లాట్‌ని కమిషన్ ఆమోదించి తీరాలి, 30 రోజుల గడువు కూడా ఉంటుంది. ఆ దశలో వచ్చి ఎత్తు గురించి మాట్లాడితే వినే అధికారం మాకుండేది కాదు.

మీ సిటీ పేరు, లెటర్‌లో ‘ఎగ్జిస్టింగ్ జోనింగ్’ అన్న చోట ఉన్న కోడ్ ఇక్కడ రాయండి. కాన్సెప్ట్ ప్లాన్ పీడీఎఫ్ దొరికితే అది కూడా పెట్టండి. గ్రేడింగ్ చూసి నీళ్లు మీ వైపుకి వస్తాయో లేదో హియరింగ్ లోపే చెప్తాను.